ధర్మవరంలో స్పానిష్ పంతులు

స్పానిష్ మాట్లాడటానికి కొందరు స్పెయిన్ వెళ్తారు, కొందరు మెక్సికో వెళ్తారు. నేను బెంగళూరులో హిందూపురం ప్యాసింజరు ఎక్కాను. వీసా అక్కర్లేదు, టికెట్టు మసాలా దోసె కన్నా చవక. పరువొక్కటే కాస్త ఎక్కువ ఖర్చయింది.

ముందు నా స్పానిష్ సంగతి చెప్పాలి. ఫోన్లో ఒక యాప్ ఉంది. ఏడాదిగా రోజూ పడుకునే ముందు దాంతో ఐదు నిమిషాలు గడుపుతున్నాను. అది బొమ్మ చూపించి నాలుగు జవాబులిస్తుంది, ఒకటి నొక్కాలి. సరిగ్గా నొక్కితే బాణసంచా కాలుస్తుంది. తప్పు నొక్కితే ఏం పర్లేదని ఓదారుస్తుంది. మా తణుకు బళ్లో ఇంగ్లీషు మాస్టారు ఈ రెండూ ఎప్పుడూ చెయ్యలేదు, అందుకని నాకు ఆ యాప్ మీద గౌరవం. దాని పుణ్యమా అని 'ఎయ్యా కొమె ఉన మన్సాన', అంటే 'ఆమె ఒక ఆపిల్ తింటోంది' అనే వాక్యం తడబడకుండా చెప్పగలను. ఆమె ఎవరో, ఆ ఆపిల్ ఎప్పటికి అయిపోతుందో నాకు తెలీదు.

నా గదిలో ఉండే శీను హిందూపురం వాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాటల్లో మాటగా 'మావోనికి స్పానిష్ వస్తాది' అన్నాడు. అటు నుంచి వెంటనే జవాబొచ్చింది. ధర్మవరంలో వాళ్ల చిన్నాయన కూతురు నాగవేణి సొంతంగా స్పానిష్ నేర్చుకుంటోంది. అనంతపురం వైపు స్పెయిన్ విరాళాలతో పనిచేసేవాళ్లున్నారు, వాళ్ల పని చూడటానికి స్పెయిన్ నుంచి జనం వస్తుంటారు. వాళ్లను ఊళ్లలో తిప్పి, ఇక్కడి మాట వాళ్లకూ వాళ్ల మాట ఇక్కడివాళ్లకూ చెప్పే ఉద్యోగం ఒకటి పడింది. సోమవారం ఎదురుగా కూర్చోబెట్టి నోటి పరీక్ష. పిల్లకు అన్నీ వచ్చు, తిరిగి మాట్లాడే మనిషే లేడు. శని ఆదివారాలు ఎవరైనా దాంతో మాట్లాడితే చాలు.

శీనుకు షిఫ్టు ఉంది, నాకు సెలవుంది. అన్నం పెడతారు కదా అని సరేనన్నాను.

హిందూపురం

శీను వాళ్లమ్మ ఓబుళమ్మ గారు ఉగ్గాని పెట్టారు. మా వైపు మరమరాలంటే సాయంత్రం పొట్లంలో కొనుక్కునేవి. ఇక్కడ వాటిని నానబెట్టి, తాలింపేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి పొద్దున్నే టిఫినంటారు. బయట ప్లేటు ముప్పై రూపాయలట. నేను మూడు ప్లేట్ల సరుకు ఉచితంగా తిన్నాను.

తింటుండగా ఆవిడ అడిగారు. "ఏమప్పా, స్పెయినోళ్ల భాష నీకంతా వస్తాదంట గదా?"

"అంతా ఎక్కడమ్మా, వాళ్ల రాజుగారికి వచ్చినంత" అన్నాను.

ఇలాంటి మాటకు తణుకులో నవ్వుతారు, లేకపోతే నెత్తిన మొట్టికాయ వేస్తారు. ఓబుళమ్మ గారు రెండూ చెయ్యలేదు. గోడ అవతలి ఆవిడను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. మధ్యాహ్నానికి వీధికంతా తెలిసింది. సాయంత్రానికి ధర్మవరం నుంచి నాగవేణి వాళ్ల నాయన ఆదినారాయణ గారు ఫోన్ చేసి నన్ను 'సార్' అన్నారు. జీవితంలో నన్ను సార్ అన్న రెండో మనిషి ఆయన. మొదటివాడు క్రెడిట్ కార్డు అమ్మడానికి ఫోన్ చేశాడు.

అప్పుడే 'అయ్యా, అది జోకు' అని ఉంటే ఈ ప్రయాణం అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. బాగుంది కాబట్టి చెప్పలేదు.

మధ్యలో శీను నాయన నన్ను పట్టుగూళ్ల మార్కెట్‌కు తీసుకెళ్లాడు. తెల్లటి, పసుప్పచ్చటి గూళ్లు రాశులు పోసి ఉన్నాయి. వాసన గురించి ఎవరూ ముందుగా హెచ్చరించలేదు. అగళి నుంచి వచ్చిన రైతొకాయన ఒక బేరగాడితో తెలుగు, ఇంకొకడితో కన్నడం, మూడోవాడితో ఉర్దూ మాట్లాడుతున్నాడు. ఇన్ని భాషలు ఎలా నేర్చుకున్నారని అడిగాను. ఆయనకు ప్రశ్నే వింతగా అనిపించింది. "నేర్చుకునేదేముండాది అబ్బా? వాడేమంటాండాడో తెలీకపోతే నా గూళ్లు ఊరికే పోతాయి గదా. తెలిసేదాకా అడుగుతా" అన్నాడు.

నేను తలూపాను. తలూపడం నాకు అన్ని భాషల్లోనూ వచ్చు.

రాత్రి సంగటి పెట్టారు. రాగిముద్దను నమలకుండా మింగాలని ఎవరూ చెప్పలేదు, వాళ్లకది చెప్పాల్సిన విషయమని తోచదు. నేను చాలాసేపు నమిలాను. ఓబుళమ్మ గారు కాసేపు జాలిగా చూసి, నాకొక దోసె పోశారు.

పెనుకొండ

నాగవేణి పెనుకొండలో ఒక లాడ్జి కౌంటర్లో పని చేస్తోంది, ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ దిగుతుంది. అక్కడికెళ్లి కలిసి, ఇద్దరం రైల్లో ధర్మవరం పోవాలని ఏర్పాటు.

పెనుకొండలో పైకి చూస్తే కోట, కిందికి చూస్తే కొరియా. దగ్గర్లో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక బోర్డుల మీద మూడు లిపులు. ఆకలేసి ఒక హోటల్లో దూరితే కొరియా లిపిలో ఉన్న మెనూ ఇచ్చారు. తెలియదనడానికి మొహమాటపడి ఒక వరుస మీద వేలు పెట్టాను. పచ్చి క్యాబేజీ ఊరగాయ వచ్చింది, ఒక్క ఊరగాయే. పక్కన అన్నమేదని అడిగితే అది ఇంకో వరుసట.

ఆటో డ్రైవరు నేను వచ్చిన పని విని నిరుత్సాహపడ్డాడు. ఈడ కొరియా భాష నాలుగు ముక్కలొస్తే కూడు దొరుకుతుందనీ, స్పానిష్‌తో ఏం చేసుకుంటారనీ అడిగి, నాకు కొరియాలో నమస్కారం నేర్పించి దించాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

నాగవేణికి ఇరవై రెండేళ్లుంటాయి. కొరియా అతిథులకు వేణ్నీళ్లెప్పుడొస్తాయో వాళ్ల భాషలోనే చెబుతోంది. మరి స్పానిషే ఎందుకని అడిగాను. చిన్నప్పుడు వాళ్ల వీధికి స్పెయిన్ నుంచి జనం వచ్చి మగ్గం చుట్టూ నిలబడ్డారట. వాళ్లతో ఒకక్క వచ్చింది. "ఆయక్క నోరు తెరిస్తేనే మా నాయన చెప్పింది వాళ్లకు తెలిసేది, వాళ్లు చెప్పింది మా నాయనకు తెలిసేది. అందరూ ఆయక్క నోరే చూస్తాండ్రి అన్నా" అంది. అప్పటినుంచి ఆ నోరు తనది కావాలి.

నేర్చుకున్న పద్ధతులు చెప్పింది. ఫోన్ మొత్తాన్ని స్పానిష్‌లోకి మార్చేసింది, దాంతో వాళ్లవ్వకు పచ్చ బటన్ తప్ప ఏదీ తెలియదు. మెక్సికో ఆడవాళ్ల వంట వీడియోలు చెవిలో పెట్టుకుని కౌంటర్లో కూర్చుంటుంది. ఫుట్‌బాల్ కామెంటరీ వింటుంది, ఆట ఏంటో తెలీదు. పాఠాలు తెలుగు లిపిలో రాసుకుని పైకి చదువుతుంది, మన త, ద లు వాళ్ల త, ద లకు సరిపోతాయట. మాట్లాడటానికి మనిషి దొరుకుతాడని భాషలు మార్చుకునే యాప్‌లో కూడా చేరింది. అక్కడ అందరూ నీకు పెళ్లయిందా అనే అడిగారు. తీసేసింది.

"నేను మాట్లాడతాండా గానీ తిరిగి మాట్లాడేటోళ్లు ఎవరూ లేరన్నా. ఈ పరీక్షకు పోయేది ఇదే ఆఖరుసారి అని నాయన అన్నాడు. ఈసారి కాకపోతే హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టను పోవల్ల" అంది. అని, గొంతు సవరించుకుని, స్పానిష్‌లో మొదలుపెట్టింది.

అది నదిలా ప్రవహించిందని రాయాలనుంది. నిజానికి నా మీదుగా లారీ వెళ్లినట్టయింది. ఆపిల్ ఎక్కడైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. తను ఆగి, నా మొహం వైపు చూసింది.

"ముయ్ బియెన్" అన్నాను. చాలా బాగుంది అని అర్థం.

ఆ మొహం వెలిగిన తీరు ఇప్పటికీ నాకు సరిగ్గా నిద్ర పట్టనివ్వదు. తప్పులేమన్నా ఉంటే చెప్పన్నా అంది. "ఒకటీ అరా. పెద్దవేం కాదు" అన్నాను. ఏడాదిపాటు యాప్ నాకు చేసిందే నేను ఆ అమ్మాయికి చేశాను. బాణసంచా ఒక్కటే తక్కువ.

రైల్లో

ప్యాసింజరులో జనం బాగా ఉన్నారు. నాగవేణి కిటికీలోంచి కనిపించినవన్నీ స్పానిష్‌లో చెబుతోంది. చెనిక్కాయ, అంటే మా వేరుశనగ, చేలు, గొర్రెలు, గేటు దగ్గర ఆగిన ట్రాక్టరు. నేను 'సీ' అన్నాను, అంటే అవును. 'ముయ్ బియెన్' అన్నాను. మధ్యలో విసుగు పుట్టకుండా 'సీ, ముయ్ బియెన్' అని కూడా అన్నాను.

ఎదురు సీటు పెద్దాయన సరదాపడి, సార్ మీరు కూడా ఏమన్నా చెప్పండి అన్నాడు. పెట్టెలో సగం మంది నావైపు తిరిగారు. నేను తొణక్కుండా ఆపిల్ తినిపించాను. అందరూ మెచ్చుకున్నారు, ఒకావిడ నన్ను చూసి నేర్చుకోమని తన కొడుక్కి చెప్పింది. నాగవేణి మాత్రం ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది, ఆపిల్ ఎవరి దగ్గరుందా అని. తర్వాత ఏమనుకుందో, మళ్లీ గొర్రెల దగ్గరికి వెళ్లింది.

ధర్మవరం

వాళ్లింట్లో ముందుగదిలో సగం మగ్గమే. నేల్లో గుంత, గుంతలో కాళ్లు, కాళ్ల కింద తొక్కుడు చెక్కలు. చీర సగంలో ఉంది, ఆకుపచ్చకు ఎర్ర అంచు. నేను గడప దాటగానే ఆదినారాయణ గారు మగ్గం ఆపి పైకి లేచారు. పగలు ఆయన మగ్గం ఆపితే ఆ పూట కూలి ఆగినట్టే. మీ పని చూసుకోండి, నేనిలా కూర్చుంటానన్నాను. "సార్ వచ్చినాక మగ్గం చప్పుడేం బాగుంటాది" అని, కుర్చీ తుడిచి వేశారు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. మా ఊళ్లో అల్లుడొచ్చినా టీవీ సౌండు తగ్గించరు.

ఓళిగలు పెట్టారు. మేము బొబ్బట్లంటాం, అరచెయ్యంత చేస్తాం. ఇవి పళ్లెమంత ఉన్నాయి, పైన నెయ్యి. తినడం మొదలెట్టాక పాఠం మొదలైంది. పాఠమంటే నాగవేణి మాట్లాడటం, నేను మెచ్చుకోవడం. మూల రాట్నం మీద దారం చుడుతూ వాళ్లవ్వ వింటోంది. నాయన గోడకానుకుని, అర్థం కాకపోయినా పాట కచేరీలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

చాలాసేపటికి అవ్వ రాట్నం ఆపింది.

"ఏమప్పా, పాప ఎంత పొడుగు చెప్పినా నువ్వు ఒక్క మాటే అంటాండావే. ఆ భాషలో ఉండేదే అన్ని మాటలా?"

ఆదినారాయణ గారు నొచ్చుకుని, నీకేం తెలుసు ఊరకుండమ్మా అన్నారు. నేను నవ్వబోయాను. నాగవేణి నవ్వలేదు. నన్నే చూస్తూ స్పానిష్‌లో చిన్న ప్రశ్న ఒకటి అడిగింది, కాస్త నిదానంగానే. నేను 'సీ' అన్నాను.

"మిద్దె మీదికి పోదాం రా అన్నా. ఈడ ఉక్కగా ఉండాది" అంది.

మిద్దె మీద ఎండ వాలుతోంది. కింద మగ్గం మళ్లీ మొదలైంది. ఇందాక ఏమడిగానో చెప్పమంది. నేను ఒక జోకు వెయ్యబోయి, సగంలో అది కూడా బాగోక, నాకు అర్థం కాలేదన్నాను. రైల్లోనో? అదీ కాలేదు. లాడ్జిలో? తలొంచుకున్నాను.

"నీ పేరేమి అని అడిగినా అన్నా" అంది. "దానికి నువ్వు అవునన్యావు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి. తను నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుని, కింద చప్పుడు వింటూ ఉండిపోయింది. నేను రెండు రోజుల లెక్క చూసుకున్నాను. ఆ అమ్మాయికి తిరిగి మాట్లాడే మనిషి కావాలి. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను కాబట్టి ఇంకొకరిని వెతుక్కోలేదు. ఖాళీగా ఉంచి ఉన్నా కనీసం వెతుక్కునేది.

చివరికి లేచి చేతులు దులుపుకుంది. "సరే. నువ్వు టూరిస్టువి. ఇప్పుడే దిగినావు, నీకేమీ తెలీదు. అది నీకు బాగా వస్తాది గదా."

మెట్లు దిగి మగ్గం దగ్గరికి తీసుకెళ్లింది. అది ఏంటో, ఇది ఏంటో స్పానిష్‌లో చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి షరతు ఒక్కటే. అర్థం కాకపోతే 'నో ఎంతియెందొ' అనాలి, అంటే అర్థం కాలేదని. అలా అంటే ఇంకో దారిలో చెబుతుంది, చేత్తో చూపిస్తుంది, చిన్న మాటలు వెతుకుతుంది. నేను ఆ మాట ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఆదినారాయణ గారు అది ఏదో పెద్ద పాఠమనుకుని తానూ నేర్చుకున్నారు. దారం మోసే నాడె ఇటు నుంచి అటు పోయిన ప్రతిసారీ 'నో ఎంతియెందొ' అంటూ నేశారు. దీపాలు పెట్టే వేళకు, నాకు ఒక పువ్వు అంచులోకి ఎలా ఎక్కుతుందో స్పానిష్‌లో నిజంగా అర్థమైంది. అంతకు ముందు తెలుగులో కూడా తెలీదు.

తర్వాత నన్ను ప్రశ్నలడగమంది. నాకు వచ్చిన ప్రశ్నలు 'ఇది ఏమిటి', 'ఎంత', 'బాత్రూం ఎక్కడ'. మూడూ అడిగాను. నాలుగోది లేదు.

సోమవారం

పరీక్ష ఊరి చివర ఒక ఆఫీసులో. ఆదినారాయణ గారు మగ్గానికి సెలవిచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. బయట బెంచీ మీద నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. వచ్చేపోయేవాళ్లకు 'మా పాపకు స్పానిష్ సార్' అని పరిచయం చేస్తున్నారు. పరీక్షకొచ్చిన ఇంకో అబ్బాయి వచ్చి ఏదో అనుమానం అడిగాడు. పరీక్ష ముందు కొత్తవి చదవకూడదని చెప్పి పంపించాను.

నాగవేణి బయటికి రావడానికి అరగంట పట్టింది. ఫలితం అక్కడే చెప్పేశారు. మాట్లాడటం బాగుందన్నారట. అడిగింది వినిపించుకుని అందుకోవడంలో ఆగిపోతున్నావన్నారట. "నీతో ఎవరూ మాట్లాడినట్టు లేదే అన్నారు" అని చెప్పింది, నావైపు చూడకుండా. ఈసారి ఇంకొకరిని తీసుకున్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ ఒక ఉద్యోగం పడుతుంది, కావాలంటే రావచ్చన్నారు.

ఆదినారాయణ గారు చెప్పుల వైపు చూసుకున్నారు. ఆఖరుసారి అన్న మాట అందరికీ గుర్తుంది. ఆయన నావైపు తిరిగారు.

"సార్, మీరు పెద్ద చదువు చదివినోళ్లు. నిజం చెప్పండి. మా పాపకు వస్తాదా, రాదా? మీరు రాదంటే నేను ఫ్యాక్టరీలో మాట్లాడతా. వస్తాదంటే ఇంగా మూడు నెలలు సూస్తా."

ఒక మనిషి బతుకు నా స్పానిష్ మీద ఆనుకుని నిలబడిన క్షణం అది. జోకు కోసం వెతికాను. మొదటిసారి ఒక్కటీ దొరకలేదు.

"అయ్యా, నాకు స్పానిష్ రాదు" అన్నాను. "ఒట్టు. ఆమె మాట్లాడేది నాకు సగం కూడా అర్థం కాదు. ఆమెకొచ్చినదాంట్లో నాకు పదో వంతు రాదు."

ఆదినారాయణ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించారు.

"సూడమ్మా" అన్నారు కూతురితో. "నిజంగా తెలిసినోళ్లు నాకేమీ రాదనే అంటారు. మా గురువు కూడా నూరు చీరలు నేసి నాకేం తెలుసురా అంటాండె. సారే తనకన్నా ఎక్కువొస్తాదని అంటాండాడంటే, నీకు రాకుండా పోతాదా?"

నేను కాదు కాదన్నాను. ఎంత కాదంటే అంత ఎదిగిపోయాను. ఇంటికెళ్లగానే పెట్టె తీసి, తన చేత్తో నేసిన పట్టు కండువా నా మెడలో వేశారు. అంచు జరీ. మా వైపు పంతుళ్లకు అరటిపళ్లిస్తారు, అవి దారిలో తినేసి మర్చిపోవచ్చు. ఇది మాయదు, చిరగదు. అవ్వ తాంబూలం ఇస్తూ నా చెవి దగ్గర మెల్లగా అంది. "ఇంగ ముందన్నా ఎవరినీ ఊరికే బాగుండాది బాగుండాది అనాకప్పా." ఆ ఇంట్లో నాకు తగ్గ మర్యాద చేసింది ఆవిడొక్కతే.

స్టేషన్లో

నాగవేణి పెనుకొండ డ్యూటీకి, నేను బెంగళూరుకు. ఇద్దరిదీ ఒకే ప్లాట్‌ఫారం. ఆదినారాయణ గారు మమ్మల్ని దించి, మలుపు తిరిగేదాకా చెయ్యూపుతూనే ఉన్నారు, అందుకని కండువా తియ్యడానికి లేకపోయింది. ఎండలో పట్టు మెడకు అంటుకుంది.

ఆయన వెళ్లాక నేనే మొదలుపెట్టాను. మొత్తానికి మంచే జరిగింది కదా, మూడు నెలలు వచ్చాయి కదా అన్నాను. నా గొంతు నాకే క్రెడిట్ కార్డు అమ్మేవాడిలా వినిపించింది.

తను పట్టాల వైపు చూస్తోంది.

"నాలుగేండ్లుగా చదువుతాండా అన్నా. రోజూ ఆయన ముందరే చదువుతాండా. వస్తాది నాయనా, నాకు వస్తాది అని ఎన్నిసార్లు చెప్పినానో" అంది. "నన్ను నమ్మి ఇయ్యలేదు ఆ మూడు నెలలు. నిన్ను నమ్మి ఇచ్చినాడు. రెండు దినాల కిందట వచ్చిన నిన్ను. అదే నాకు సిగ్గుగా ఉండాది."

నేను కండువా తీసి మడతపెట్టాను. దాన్ని తనకిద్దామనుకున్నాను. అది ఇంకో అవమానమని తోచి, ఒళ్లో పెట్టుకున్నాను.

రైలు అరగంట ఆలస్యమని చెప్పారు, మొదట తెలుగులో, తర్వాత హిందీలో, తర్వాత ఇంగ్లీషులో. అది వచ్చేదాకా మేమిద్దరం ఏ భాషలోనూ మాట్లాడుకోలేదు.